ఒకటికి పన్నెండు

ఆ శనివారం పొద్దున వెంకట్రాములు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పదకొండింటికి టీ, ఒంటిగంటకు టిఫిన్ డబ్బా, మూడు కొట్టగానే ఇల్లు. గద్వాలలో చేనేత కార్మికులకు గుర్తింపు కార్డులిచ్చే ఒక చిన్న సర్కారు ఆఫీసుకు ఆయన సూపరింటెండెంటు. ఆఫీసరు భానుప్రకాశ్ మీటింగుకని హైదరాబాదు వెళ్ళాడు. కాబట్టి ఆ రోజుకు ఆఫీసంతా వెంకట్రాములుదే.

టీ గ్లాసు పెదవులకు తగిలిన సమయానికి సెల్‌ఫోను మోగింది. అది 2007. గద్వాలలో సిగ్నలు కిటికీ దగ్గరే దొరికేది. ఆయన గ్లాసుతో సహా కిటికీకి అతుక్కున్నాడు.

"వెంకట్రాములుగారూ, సోమవారం మన ఆఫీసుల కొత్త జూనియర్ అసిస్టెంట్ చేరుతుంది. శ్రీవాణి అని, వికలాంగుల కోటా. మూడు చక్రాల బండి మీద వస్తది. మనకేమో ఏడు మెట్లాయె. సోమవారం లోపల ర్యాంపు కట్టించాలె" అన్నాడు భానుప్రకాశ్.

"అట్లనే సార్. ఎట్ల కట్టాలె?"

"దానికి రూలుంది. ఒకటికి పన్నెండు. మర్చిపోకుండ్రి. ఒకటికి పన్నెండు వా..."

సిగ్నలు పోయింది. మళ్ళీ చేస్తే అందుబాటులో లేరంది. వెంకట్రాములు కాగితం మీద 'ర్యాంపు, 1:12, వా' అని రాసుకుని ఆలోచించాడు. 'వా' అంటే 'వాడండి' అని ఆయనకు తోచింది. ఏం వాడాలన్నది మేస్త్రికి తెలిసే విషయం.

మేస్త్రి మద్దిలేటి ఆ చీటీని దూరం పెట్టి చదివాడు, దగ్గర పెట్టుకుని చదివాడు.

"ఒకటికి పన్నెండా? తట్ట సిమెంటుకు పన్నెండు తట్టల ఇసుకనా సారూ? నాలుగేస్తరు. మస్తయితే ఆరేస్తరు. పన్నెండేస్తే అది కట్టడం గాదు, పిట్టగూడు."

"హైదరాబాదు రూలది. కొత్తగొచ్చింది."

"హైదరాబాదుల ఇసుక వేరే ఉంటదా?"

"మద్దిలేటీ, నువ్వు మేస్త్రివా, సర్కారువా?"

"మేస్త్రినే సారూ. గందుకే చెప్తున్న."

చివరికి మద్దిలేటి ఒక షరతు పెట్టాడు. ముప్పై ఏళ్లుగా తను కట్టింది ఏదీ కూలలేదు, కాబట్టి ఇది కూలితే తన పేరు రాకూడదు. వెంకట్రాములు 'ఒకటికి పన్నెండు కలపమని నేనే చెప్పితిని' అని రాసి, సంతకం పెట్టి, ఆఫీసు ముద్ర కూడా కొట్టి ఇచ్చాడు. మద్దిలేటి దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

రెండో చిక్కు జాగాది. సంస్థానం కాలం నాటి ఆ కట్టడానికి అరుగు ఛాతీ ఎత్తు ఉంటుంది. ఏడు మెట్లూ దిగితే రోడ్డే. "మెట్లుంటే ర్యాంపేడ వెయ్యాలె?" అన్నాడు మద్దిలేటి. "తీసెయ్యి" అన్నాడు వెంకట్రాములు. ఏడు మెట్లనూ పగలగొట్టి, ఆ ముక్కలనే అడుగున పోసి, పైన మట్టి నింపి, దాని మీద ఒకటికి పన్నెండు పూశారు. సాయంత్రానికి ర్యాంపు సిద్ధమైంది. ఎంత నిటారుగా ఉందంటే, వెంకట్రాములు పై నుంచి ఒకసారి కిందికి చూసి, గోడ పట్టుకుని ఎండ్రకాయలాగా పక్కకు పక్కకు దిగాడు.

"రేపంతా నీళ్లు పట్టు" అని అటెండరు మాసయ్యకు చెప్పి వెళ్ళిపోయాడు. మాసయ్య చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. ఆదివారం పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పైపు పట్టుకుని నిలబడ్డాడు.

సోమవారం తొమ్మిదింటికి వెంకట్రాములు వచ్చి చూస్తే, ర్యాంపు మీద పగుళ్లు. నడుమ చిన్న కాలువ కూడా పడింది. ఇంకో గంటలో కొత్త ఉద్యోగి వస్తుంది. ఆయన మీటింగుల్లో పరిచే ఎర్ర తివాచీని తెప్పించి పై నుంచి కింద దాకా పరిపించాడు. అవసరమైతే బండిని నలుగురూ కలిసి పైకి నెట్టవచ్చని ధైర్యం చెప్పుకుని, గోడ పట్టుకుని తివాచీ అంచు మీదుగా పైకి చేరాడు.

"మాసయ్యా, కింద ఉండు. ఈ తివాచీ ఎందుకని ఎవరడిగినా ఏం చెప్పకు. కొత్త అమ్మాయి వస్తే నన్ను పిలువు."

"ఆమెను నేనెట్ల గుర్తుపట్టాలె సార్?"

"ఏముందయ్యా! చూడంగనే పాపమనిపిస్తది."

మొదట వచ్చింది కిష్టమ్మ. మూడు నెలలుగా కార్డు కోసం తిరుగుతున్న నేత మనిషి. ఎర్ర తివాచీ చూసి ఆగిపోయింది.

"ఏంది మాసన్నా, ఎవరొస్తుండ్రు?"

"చెప్పొద్దన్నడు సారు."

"చెప్పొద్దన్నడా?" కిష్టమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "అంటే మంత్రేనా?"

"నేనేం చెప్పలే" అన్నాడు మాసయ్య నిజాయితీగా. కిష్టమ్మకు అంతకంటే రుజువు అక్కర్లేదు. ఆమె గబగబా వీధిలోకి నడిచింది.

పది అయ్యేసరికి ఆఫీసు ముందు నూటయాభై మంది. మగ్గాలు ఆపి వచ్చినవాళ్లు, అర్జీలు పట్టుకున్నవాళ్లు, ఏ అర్జీ లేకపోయినా మంత్రిని చూద్దామని వచ్చినవాళ్లు. ఎవరో బంతిపూల దండ తెచ్చారు. ఎవరో డప్పులవాళ్లను పిలిచారు. జనాన్ని చూసి ఒక కానిస్టేబులు వచ్చి, కింద నుంచే అరిచాడు.

"సార్, మంత్రిగారు ఎన్నింటికొస్తుండ్రు? మాకైతే ఏం కబురు లేదు!"

వెంకట్రాములు కిందికి తొంగి చూశాడు. తను తివాచీ పరిచిన సంగతి ఆయనకు గుర్తే. కానీ డప్పులున్నాయి, దండ ఉంది, పోలీసే అడుగుతున్నాడు. ఇంతమందికి తెలిసిన సంగతి తనకే తెలియదేమో! జేబులోంచి చీటీ తీసి చూశాడు. '12, వా'. అప్పుడు వెలిగింది. వా అంటే వాడండి కాదు, వారు! పన్నెండుకు వారు వస్తున్నారని సారు చెప్పబోయాడు!

"పన్నెండింటికి!" అని ఆయన పై నుంచి ప్రకటించాడు. డప్పులు మోగాయి.

అప్పటికే శ్రీవాణి వచ్చి పావుగంటైంది. మూడు చక్రాల బండిని చేతులతో తిప్పుకుంటూ ఊరి ఆ చివర నుంచి వచ్చింది. ఇరవై ఆరేళ్లు. మూడేళ్ల వయసులో పోలియో. నియామకపు ఉత్తర్వు పాత చిరునామాకు వెళ్ళి, ఊరంతా తిరిగి ఆమెకు చేరేసరికి గడువులో మూడు రోజులే మిగిలాయి. సోమవారం మధ్యాహ్నం పన్నెండు లోపల చేరకపోతే ఉత్తర్వు రద్దు. ఆ ఉద్యోగం కోసం ఆమె ఆరేళ్లుగా పరీక్షలు రాస్తూనే ఉంది.

ఆమె తివాచీని చూసింది, ఆ వాలును చూసింది. "గిదెవరికి కట్టిండ్రో, ఎక్కితే వెనక్కే వస్తరు" అనుకుంది. అంతలో కానిస్టేబులు అడ్డం వచ్చాడు.

"వికలాంగుల అర్జీలు ఆ పక్క లైన్ల, అమ్మా."

"నేను అర్జీకి రాలే. డ్యూటీల చేరనీకి వచ్చిన."

"గదే, మంత్రిగారికి చెప్పుకో. జర పక్కకు జరుగు."

డప్పుల మోతలో ఆమె ఇంకేం చెప్పినా ఎవరికీ వినపడలేదు. ఆమె జరిగిన చోటికి పక్కనే, మామూలు అర్జీల వరుసలో కిష్టమ్మ నిలబడి ఉంది. చేతిలోని అర్జీ చూపించి, "జర చూడు బిడ్డా, మంచిగుందా?" అంది. శ్రీవాణి చదివింది. కార్డు కావాలన్న మాట తప్ప అందులో అన్నీ ఉన్నాయి. ఒళ్లో అట్ట పెట్టుకుని కొత్తది రాసిచ్చింది. అది చూసి వెనకున్నవాళ్లు ముందుకొచ్చారు. కాసేపటికి వరుస మంత్రి వైపు కాక శ్రీవాణి వైపు తిరిగింది.

"వేలిముద్ర చాలదు పెద్దయ్యా, మగ్గం ఎన్నేండ్ల సంది నేస్తున్నవో చెప్పు. నువ్వు ఆగు, నీకంటే ముందు ఆయనొచ్చిండు. అన్నా, డప్పు జర ఆపు, నాకు పేరు ఇనిపిస్తలేదు."

డప్పు ఆగింది.

పదకొండున్నరకు వెంకట్రాములు పై నుంచి మాసయ్యను పిలిచి అడిగాడు. "కొత్త అమ్మాయి వచ్చిందా?"

"మీరు చెప్పినట్ల పాపమనిపించేటోళ్లు ఎవరూ రాలే సార్. బండి మీద ఒకామె ఉంది గాని, ఆమెను చూస్తే మనకే భయమైతుంది."

పన్నెండుకు పది నిమిషాలుందనగా ఒక ఆటో వచ్చి ఆగింది. తెల్లచొక్కా మనిషి దిగాడు. భానుప్రకాశ్ ఆ ఆఫీసుకు వచ్చి నెలే అయింది, జనంలో ఎవరికీ ఆయన ముఖం తెలియదు. "వచ్చిండు!" అని ఒక గొంతు లేచింది. దండ మెడలో పడింది. "నేను గాదు, నేను గాదు" అంటున్నవాణ్ని, ఎంత పెద్దమనిషో ఎంత అణకువో అనుకుంటూ, పాతికమంది ఎర్ర తివాచీ ఎక్కించారు. పైన వెంకట్రాములు శాలువా విప్పి పట్టుకుని నిలబడ్డాడు.

పెద్ద చప్పుడేం కాలేదు. తడి మట్టిపెళ్ల జారినట్టు మెత్తగా ఒక శబ్దం. తివాచీ నడుమ కుంగింది, అంచులు లేచాయి, ర్యాంపు ర్యాంపంతా రోడ్డు మీదికి ప్రవహించింది. పాతికమందీ ఒకరి మీద ఒకరు మెల్లగా జారి కింద కూర్చున్నారు. ఎవరికీ గీత కూడా పడలేదు. భానుప్రకాశ్ నడుం దాకా ఇసుకలో, మెడలో బంతిపూలతో కనిపించాడు. పైన శాలువాతో వెంకట్రాములు ఒక్కడే మిగిలాడు.

"సార్, మీరా?" అన్నాడాయన నీరసంగా. "మరి మంత్రిగారు?"

"ఏ మంత్రి? ఇదేంది వెంకట్రాములుగారూ? ఒకటికి పన్నెండు వాలు పెట్టమంటే!"

"వాలా?" వెంకట్రాములు చీటీ తీసి చూసుకుని, మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. మద్దిలేటి జనంలోంచి తన కాగితం పైకెత్తి, ముద్రతో సహా అందరికీ చూపించాడు.

భానుప్రకాశ్ ఇసుక దులుపుకుంటూ గడియారం చూశాడు. "ముందు చెప్పండి, శ్రీవాణి చేరిందా? ఇంక ఏడు నిమిషాలే ఉంది."

"రాలేదు సార్."

"పదింటికే వచ్చిన సార్" అంది శ్రీవాణి ఇసుకకుప్ప అవతల నుంచి. ఒళ్లో ముప్పై నాలుగు అర్జీలున్నాయి.

రిజిస్టరు పైన ఉంది. పక్కన సూపరింటెండెంటు సంతకం కావాలి. ఆయనా పైనే ఉన్నాడు. మెట్లు లేవు, ర్యాంపు లేదు, ఛాతీ ఎత్తు అరుగు, అడుగున రాళ్లముక్కలు. వెంకట్రాములుకు యాభై ఆరేళ్లు, రెండు మోకాళ్లూ అరిగాయి. "నేను దిగలేను సార్" అన్నాడు దీనంగా. రిజిస్టరు విసరమంటే, సర్వీసులో ఏనాడూ రిజిస్టరు కింద పడనివ్వలేదని గుండెలకు హత్తుకున్నాడు.

"ఎత్తుకొని దించాలె" అంది శ్రీవాణి. "మద్దిలేటన్నా, నువ్వు నడుం దగ్గర పట్టు. మాసన్నా, నువ్వు మోకాళ్ల కింద చెయ్యి పెట్టు. లాగొద్దు, లేపుండ్రి."

"అమ్మో, కితకితలైతున్నయి! పడేస్తరయ్యా!"

"సార్, మీరు బిగుసుకోకుండ్రి. మద్దిలేటన్న మెడ చుట్టూ చెయ్యి వెయ్యుండ్రి. ఎవరి మొఖం చూడకుండ్రి, అందరు మిమ్మల్నే చూస్తున్నట్లు అనిపిస్తది."

"చూస్తనే ఉన్నరమ్మా!"

"చూస్తరు సార్. డిగ్రీ మూడేండ్లు నన్ను మా తమ్ముడు గిట్లనే మూడో అంతస్తుకు ఎక్కించిండు. మొదటి నెల పరేషాన్ ఉంటది. తర్వాత అలవాటైతది."

కాళ్లు నేలకు తగిలినప్పుడు వెంకట్రాములు ముఖం ఎర్రగా ఉంది. కానీ ఆయన నవ్వలేదు, ఎవర్నీ తిట్టలేదు. రిజిస్టరు తెరిచి బండి చక్రం మీద ఆనించి పట్టుకున్నాడు. పన్నెండుకు రెండు నిమిషాల ముందు శ్రీవాణి సంతకం చేసింది. పక్కన ఆయన సంతకం పెట్టాడు.

"మూడేండ్లా?" అన్నాడు చివరికి.

"మూడేండ్లు సార్."

ఆ రోజు నుంచి ఆఫీసు కిందున్న సైకిళ్ల షెడ్డులో నడిచింది, వేరే దారి లేక. బల్లలు తాళ్లతో దించారు. శ్రీవాణి మొదటి పనిగా మద్దిలేటికి నేల మీద సుద్దతో గీసి చూపించింది. "అంగుళం ఎత్తు లేవాలంటే అడుగు పొడవు ఉండాలె. మన అరుగు నలభై ఎనిమిది అంగుళాలు. అంటే నలభై ఎనిమిది అడుగులు. రోడ్డు మీదికి కాదు, గోడ పొంట తిప్పాలె. నడుమ ఒక చదును, ఊపిరి తీసుకోనీకి."

మద్దిలేటి తల పట్టుకున్నాడు. "గిట్ల చెప్తే చిన్నపిల్లకైనా సమజైతది గదమ్మా!"

ర్యాంపు కట్టి, అది బాగా ఆరడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో కిష్టమ్మతో సహా రెండు వందల పది మందికి కార్డులు వచ్చాయి. ఏడు మెట్లు ఎక్కలేక, ఎక్కగలిగేవాళ్లతో కబురు పంపి ఊరుకున్న ముసలివాళ్లు ఇంతమంది ఉన్నారని ఆఫీసుకు అప్పుడే తెలిసింది.

తెరిచిన రోజు తివాచీ లేదు, డప్పు లేదు. శ్రీవాణి బండి తిప్పుకుంటూ బయలుదేరింది. నెట్టడానికి మాసయ్య ముందుకొచ్చాడు. "వద్దు మాసన్నా" అంది. చదును దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ తిప్పింది. రెండు రెక్కల పాత తలుపు దాటి లోపలికి వెళ్ళింది. ఎవరి చేతులూ తాకకుండా అంత ఎత్తు ఎక్కడం ఆమెకు అదే మొదటిసారి. లోపల తన బల్ల దగ్గర బండి ఆపి, కాసేపు ఏ కాగితమూ ముట్టకుండా కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయింది. వెంకట్రాములు ఏదో అడగబోయి, తర్వాత అడగవచ్చులెమ్మని తన బల్ల వైపు తిరిగాడు.

ఆరు నెలలకు పై నుంచి ఒక ఫారం వచ్చింది, ర్యాంపును ఎంతమంది వాడుతున్నారో తెలపమని. శ్రీవాణి 'వికలాంగులు' అన్నచోట తొమ్మిది అని, 'ఇతరులు' అన్నచోట 'అందరూ' అని రాసింది. వెంకట్రాములు చదివి సంతకం పెట్టాడు.

'ఇతరుల' గడిలో అంకెలు మాత్రమే వేయవలెనన్న సూచనతో ఫారం వారంలో తిరిగి వచ్చింది.