గాడిదను పంపిందెవరు?

ఒక పెద్ద అడవిలో, నిజానికి అదంత పెద్దదేం కాదు గానీ చిన్నదంటే అక్కడివాళ్ళు తగువుకొస్తారు కాబట్టి పెద్ద అడవిలోనే, ఎన్నికలొచ్చాయి.

ఆ అడవికి ఒక గొప్ప ఉంది. అక్కడ ఓటున్న ప్రతి ప్రాణీ ఓటేస్తుంది. ఎలుగుబంటి కూడా నిద్ర లేచొచ్చి, ఓటేసి, మళ్ళీ వెళ్ళి పడుకుంటుంది. "మా ఓటర్లలాంటి ఓటర్లు ఇంకెక్కడా లేరు" అని సర్పంచి నక్క జంబులింగం పక్క అడవులకు వెళ్ళినప్పుడల్లా చెప్పుకునేవాడు. ఈసారి మాత్రం ఆ గొప్పే అతని గుండెల్లో రాయిలా పడింది.

కారణం వాగు అవతలి నలభై ఓట్లు. వంతెన కట్టిస్తానని అయిదేళ్ళ కిందట వాళ్ళకు మాటిచ్చాడు. ఈ అయిదేళ్ళూ వాళ్ళు ఒక పాత తాటిదుంగ మీద నడుస్తూ, అడుగడుక్కీ అతన్ని తిట్టుకుంటూ వాగు దాటుతున్నారు. అందుకని పోలింగు రోజు పొద్దున్నే జంబులింగం ఆ దుంగను నీళ్ళలోకి తోయించేశాడు. వానలు పడి వాగు నిండుగా ఉంది. దుంగ ఎటో కొట్టుకుపోయింది. దాని చోట "మరమ్మతులు జరుగుచున్నవి, అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని బోర్డు పెట్టించాడు.

అవతలి ఒడ్డున నలభై మందీ చేరి బోర్డు చదువుకున్నారు. వాళ్ళందరికీ కాస్త దూరంగా ముళ్ళపంది సూరమ్మ నిలబడింది. ఎక్కడైనా సూరమ్మ దూరంగానే నిలబడాలి, ఆ ముళ్ళతో పక్కన ఎవరు నిలబడనిస్తారు? ఏళ్ళ తరబడి ఆమె చెయ్యి పట్టుకునేవాళ్ళే ఉండరు. ఎన్నికల రోజున మాత్రం అధికారి ఆ చెయ్యి పట్టుకుని వేలికి సిరా రాస్తాడు. గెలిచేదెవరో, ఓడేదెవరో ఆమెకు పట్టదు. ఆ ఒక్క క్షణం కోసం సూరమ్మ పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఓటూ తప్పలేదు.

అప్పుడు అటుగా ఒక గాడిద వచ్చాడు. ఈ అడవివాడు కాదు, దారి తప్పినవాడు. ఒడ్డున అందరి మొహాలూ చూశాడు, వాగులోకి దిగి చూశాడు. నీళ్ళు పొట్ట దాకా వచ్చాయి.

"ఎక్కండి" అన్నాడు.

అయిదారుగురి చొప్పున అందరినీ దాటించాడు. చివరికి సూరమ్మ మిగిలింది.

"నేనొద్దులే నాయనా. నాకు ముళ్ళున్నాయి."

"బరువులు నాకు అలవాటే అవ్వా."

"బరువు కాదయ్యా, గుచ్చుకుంటాయి."

"అయితే మెల్లగా కూర్చో."

వాగు మధ్యలో కాళ్ళు తడబడినప్పుడల్లా ముళ్ళు దిగాయి. గాడిద చెవులు వణికాయి గానీ నోరు మెదపలేదు. సూరమ్మకు కళ్ళనీళ్ళొచ్చాయి.

"నిన్నెవరు పంపారు నాయనా?"

"ఎవరూ పంపలేదవ్వా. ఇటు పోతుంటే మీరు నిలబడి కనిపించారు."

దిగి దణ్ణం పెడదామని ఆమె తిరిగేసరికి గాడిద పచ్చిక వెతుక్కుంటూ పొదల్లోకి వెళ్ళిపోయాడు.

నలభై మందీ వరసలోకి రావడం చూసి జంబులింగం గుటకలు మింగాడు. కానీ సర్పంచి ఊరికే అవుతారా? రెండో గుటకకు బండరాయి ఎక్కి అరిచాడు. "నా ఓటర్ల కాళ్ళు తడవకూడదని నేనే వాహనం ఏర్పాటు చేశాను!"

కుందేలు చలమయ్య కరిగిపోయాడు. "వంతెన కట్టకపోతే కట్టకపోయాడు, గాడిదనన్నా పంపాడు పాపం."

"ఎవరూ పంపలేదట్రా చలమయ్యా, వాడే చెప్పాడు" అంది సూరమ్మ.

"ఊరుకో అవ్వా, నీ చాదస్తం! ఎవరూ పంపకుండా ఎవడన్నా మోస్తాడా?"

ముప్ఫై తొమ్మిది ఓట్లు కృతజ్ఞతతో నక్కకు పడ్డాయి. మధ్యాహ్నానికి జంబులింగం గెలిచాడు. దండలు వేస్తుండగా ఎన్నికల అధికారి కొండముచ్చు నిబంధనల పుస్తకం చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఆ వాహనం మీదేనా?"

"ముమ్మాటికీ నాదే!"

"పోలింగు రోజున అభ్యర్థి వాహనం పెడితే అతని గెలుపు చెల్లదు. ఎక్కినవాళ్ళ పేర్లు ఓటర్ల జాబితాలోంచి కొట్టేయాలి."



"ఏ వాహనం?" అన్నాడు జంబులింగం.

"ఏ గాడిద?" అన్నాడు చలమయ్య.

"మరి వాగెలా దాటారు?"

"ఈదాం!" అన్నారు ముప్ఫై తొమ్మిది మంది ఒక్క గొంతుతో. తాను వెల్లకిలా ఈదానని ఒక ఉడుత అడక్కపోయినా చెప్పింది.

సభలో ఈలలు మోగాయి. వాగు ఈదొచ్చి ఓటేశారట! ఈ గొప్ప ఏ అడవికుంది? అప్పటికప్పుడు బండ మీద "ఈదివచ్చిన ఓటర్లకు జేజేలు" అని చెక్కించారు. ఆ అక్షరాలు చూసి కుందేళ్ళకు నిజంగానే ఈదామేమోనని నమ్మకం కుదిరింది.

కొండముచ్చు సూరమ్మ చెయ్యి పట్టుకున్నాడు. "ఈదానని ఇక్కడ వేలిముద్ర వెయ్యి అవ్వా."

సూరమ్మ అతని చేతిలో ఉన్న తన చేతిని చూసుకుంది.

"నేను ఈదలేదయ్యా. ఒక గాడిద మోశాడు. నా ముళ్ళు దిగుతున్నా అబ్బా అనలేదు. పొద్దున దణ్ణం పెట్టలేకపోయాను. ఇప్పుడు వాడసలు లేనేలేడంటే నేనెట్లా బతకను?"

కొండముచ్చు పుస్తకం అటూ ఇటూ తిప్పాడు. "ముప్ఫై తొమ్మిది మంది లేదన్నారు కాబట్టి వాహనం లేదు. కానీ నువ్వు ఎక్కావు." ఆమె చెయ్యి వదిలేసి, పేరు కొట్టేశాడు.

సాయంత్రం ఓటర్లను సాగనంపడానికి అడవి అడవంతా డప్పులతో వాగొడ్డుకు వచ్చింది. ఈత చూడాలి కదా! జంబులింగం కూడా వచ్చాడు. నీళ్ళు పొద్దుటికంటే పెరిగాయి. ఒడ్డున గాడిద గడ్డి మేస్తున్నాడు. ముప్ఫై తొమ్మిది మందీ వాడివైపు ఓరగా చూశారు. పక్కనే కొండముచ్చు పుస్తకంతో నిలబడి ఉన్నాడు.

"ఇవాళ ఒంట్లో నలతగా ఉంది" అన్నాడు చలమయ్య. "వాగు తగ్గేదాకా మేం సర్పంచిగారింట్లోనే ఉంటాం. భోజనాలూ అక్కడే."

వానాకాలం అప్పుడే మొదలైంది. జంబులింగం వేళ్ళ మీద పూటలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు.

సూరమ్మకు మాత్రం పోయేదేమీ మిగల్లేదు. అందరూ చూస్తుండగా గాడిద దగ్గరికి వెళ్ళి దణ్ణం పెట్టింది. వాడి వీపులో మిగిలిపోయిన ఎనిమిది ముళ్ళనూ నోటితో ఒక్కొక్కటే పీకింది. తర్వాత మెల్లగా ఎక్కి కూర్చుంది.

నీళ్ళలోకి దిగాక గాడిద వెనక్కి చూశాడు. "మిగతావాళ్ళు రారా అవ్వా?"

"వాళ్ళు ఈతగాళ్ళు నాయనా."

నీతి: ఒడ్డుకు చేర్చినవాణ్ణి మర్చిపోవచ్చు, కానీ ఇంటికి చేరాక మర్చిపోవాలి.