ఉక్కు పలకా, అల్యూమినియం పలకా?

సముద్రంలో డైవింగ్ చేయడానికి అన్నిటికన్నా క్షేమమైన చోటు మా అక్కావాళ్ళ హాలు!

నవ్వకండి. లెక్కలతో సహా చెబుతున్నాను. కిందటేడాది పదకొండు నెలల్లో మా బావ ఆ హాల్లో నూటముప్పై సార్లకు తక్కువ కాకుండా స్కూబా డైవింగ్ సామాను ఒంటికి తగిలించుకున్నాడు. ఒక్కసారి కూడా నీళ్ళు మింగలేదు. ఒక్కసారి కూడా ఊపిరాడక కొట్టుకోలేదు. సొరచేప నీడైనా ఆయన మీద పడలేదు. ఇంత భద్రమైన రికార్డు ఏ సముద్రానికుందో చెప్పండి?

దీనికంతటికీ కారణం, బజార్లో ప్రతి వస్తువూ సవాలక్ష రకాల్లో దొరకడమే. మీరు దాన్ని తలనొప్పి అంటారు. ఒక్కటి కొందామంటే వంద చూపిస్తారేమిటని విసుక్కుంటారు. ఎంత తెలియనితనం! వంద రకాలుండబట్టే కదా మనిషి ఆలోచిస్తాడు? ఆలోచిస్తున్నంతసేపూ ఇంట్లోనే ఉంటాడు కదా? ఇంట్లో ఉన్నవాణ్ణి ఏ అల వచ్చి ఎత్తుకుపోతుంది?

ఈ విద్య తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. నీళ్ళ అడుక్కి వెళ్ళేవాడు వీపుకు గాలి సిలిండర్ కట్టుకోవాలి. అందుకు మామూలు మనుషులు జాకెట్‌లాంటిది ఒకటి తొడుక్కుంటారు. తొడుక్కుంటే పని అయిపోతుంది. అంత సులువుగా అయిపోయే పనికి గౌరవం ఏముంటుంది? అందుకని తెలివైనవాళ్ళు దాన్ని మూడు ముక్కలు చేశారు. వీపుకు ఆనుకునే లోహపు పలక బ్యాక్‌ప్లేట్. దాన్ని ఒంటికి బిగించే పట్టీ హార్నెస్. పలకకూ సిలిండర్‌కూ మధ్య గాలి నింపుకునే సంచి వింగ్, అంటే రెక్క. పేరుకు రెక్కే గాని ఎగరదు. మనిషి అడుక్కి పోకుండా, పైకి తేలిపోకుండా నీళ్ళ మధ్యలో నిలబెడుతుంది. ఒకటి ఎంచుకోవాల్సిన చోట మూడు! అభివృద్ధి అంటే ఇదీ.

ఇక మా బావ సంగతి. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. ఏ గోదాముకు ఎప్పుడు నిప్పంటుకోవచ్చు, ఏ మేడ ఎటు కూలవచ్చు అని అంచనా వేయడం ఆయన పని. అక్క ప్రసూతి వార్డులో నర్సు. అక్కడ ఆలోచిస్తూ కూర్చుంటే బిడ్డ ఆగదు. డైవింగ్ నేర్చుకుందామన్నది అక్కే. ఇద్దరూ ఆరు ఆదివారాలు ఈతకొలనులో మునిగి తేలి సర్టిఫికెట్లు తెచ్చుకున్నారు. అవి చేతికిస్తూ కోచ్ అమాయకంగా ఒక మాట అన్నాడు.

"ఇక సొంత సామాను చూసుకోండి సార్."

అప్పటిదాకా మా బావ మామూలు మనిషి.

మొదటి మూడు నెలలూ పలకకే సరిపోయాయి. ఉక్కుదైతే బరువు కాబట్టి మునగడానికి నడుముకు సీసపు దిమ్మలు తక్కువ కట్టుకోవచ్చు. అల్యూమినియందైతే తేలిక కాబట్టి విమానంలో పట్టుకుపోవచ్చు. బావ విమానమెక్కి ఎనిమిదేళ్ళయింది. అయితే ఏం, రేపు ఎక్కాల్సి వస్తే? ఇంటర్నెట్‌లో ఉక్కు వర్గానికీ అల్యూమినియం వర్గానికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. బావ రెండు వర్గాల్లోనూ చేరాడు. అక్కడ 'ముసలి తాబేలు' అని పేరు పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన ఎవరో, ఎక్కడివాడో, అసలు నీళ్ళు చూశాడో లేదో ఎవరికీ తెలియదు. కన్నతల్లి మాటైనా కాదంటాడు గాని ముసలి తాబేలు మాట మా బావ జవదాటడు. ఆయన ఉక్కు అన్నాడు, ఉక్కే వచ్చింది.

తర్వాత రెక్క. గుండ్రంగా గారెలా ఉండేదా, గుర్రపు నాడాలా ఉండేదా? ఎన్ని కిలోలు తేల్చాలి? దానికి మనిషి బరువు తెలియాలట. ఒక పూట ఇంటినిండా చుట్టాలుండగా బావ కాగితం, పెన్ను పట్టుకుని, "ఇప్పుడు నువ్వెంత ఉంటావ్? నిజం చెప్పు" అని అక్కను అడిగాడు. ఆ ఇంట్లో మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు. చూశారా, ఇంటికి ప్రశాంతత కూడా దీని చలవే!

ఆపైన పట్టీ. క్లిప్పులు పెట్టి సులువుగా ఊడివచ్చే రకం ఒకటుంది. అసలు అతుకే లేకుండా నాలుగు గజాల పట్టీ ఒకటే పలక కంతల్లోంచి దూరి భుజాల మీదుగా నడుముదాకా వచ్చే రకం ఇంకొకటుంది. "క్లిప్పంటే విరిగేది. విరిగేది ఉందంటే క్లెయిమ్ వచ్చినట్టే" అని బావ రెండోది తెప్పించాడు. భోజనాల బల్ల మీద పరిచి మూడు ఆదివారాలు దూర్చాడు. నాలుగో ఆదివారం తొడుక్కున్నాడు. తొడుక్కోవడం వచ్చింది గాని విప్పుకోవడం రాలేదు. సరిగ్గా అప్పుడే కొరియర్ వచ్చింది. వీపున పలక, దాని వెనక బుస్సున ఉబ్బిన రెక్క, వీటితో బావ తలుపు తీసి సంతకం పెడతానన్నాడు. కొరియరాయన పెన్ను కూడా తీసుకోకుండా మెట్లు దిగిపోయాడు.

ఎట్టకేలకు అంతా కుదిరింది. ఒక్కటే లోపం. నడుము దగ్గర పట్టీ కొస జానెడు మిగిలి వేలాడుతోంది. వేలాడేది నీళ్ళలో దేనికో ఒకదానికి తగులుకుంటుందని ముసలి తాబేలు హెచ్చరించాడు. బావ కత్తెరతో ఆ జానెడూ తెగ్గోసి, పోగులు లేవకుండా కొసను కొవ్వొత్తి మీద కాల్చాడు. బనీను మీద బిగించుకుని అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. కొలిచి కుట్టినట్టు ఉంది. నన్ను పిలిచి మరీ చూపించాడు. బాగుందనే అన్నాను.

ఈలోగా చెవుల డాక్టరు ఒక మాట చెప్పాడు. అక్కకు కొన్నాళ్ళుగా వినికిడి తగ్గుతోంది. వానలు పడ్డాక ఆపరేషన్ చేయాలన్నాడు. "అప్పటిదాకా డైవింగ్ చేస్తే చేయండమ్మా. ఆ తర్వాత మాత్రం జన్మలో లోతుకు దిగకూడదు" అన్నాడు. వానలు మొదలైతే పడవలు కూడా ఆగిపోతాయి. అంటే అక్క చేతిలో ఉన్నవి ఆరు ఆదివారాలు.

"వెళ్ళకపోతే కొంప మునిగిందా?" అని నేనే అక్కను అడిగాను, క్షేమవాదిని కదా.

"అక్కడ ఎవరికీ ఏమీ వినబడదురా. అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. ఆయన ఒక్కో మాట నాలుగుసార్లు చెప్పి విసుక్కోవక్కర్లేదు. నేను విన్నట్టు తల ఊపక్కర్లేదు. ఒక్కసారైనా అలా ఇద్దరం పక్కపక్కన ఉండాలని ఉంది" అంది.

ఆ మాట బావకు చెప్పాను. ఆయన కళ్ళు చెమర్చాయి. "అంత ముఖ్యమైన డైవ్‌కి రెక్కలో గాలి వదిలే వాల్వు పాతదైతే ఎలారా?" అని కొత్త వాల్వుకు ఆర్డరు పెట్టాడు.

మొదటి ఆదివారం వాల్వు రాలేదు. రెండో ఆదివారం వచ్చింది, రంగు వేరు. మూడో ఆదివారం ముసలి తాబేలు ఉక్కు వదిలి అల్యూమినియంలోకి ఫిరాయించాడు, బావకు కాళ్ళ కింద భూమి కదిలిపోయింది. నాలుగు, ఐదు ఎలా గడిచాయో నాకు గుర్తులేదు. అక్క మాత్రం ప్రతి శనివారం సాయంత్రం తువ్వాళ్ళు రెండు మడిచి సంచిలో పెట్టేది. ఆదివారం మధ్యాహ్నం తీసి మళ్ళీ బీరువాలో పెట్టేది.

ఆరో ఆదివారం పడవరేవుకు వెళ్ళాం. సంచులు మోయడానికి నేనూ వెళ్ళాను. అక్క ఐదు నిమిషాల్లో రబ్బరు సూటు వేసుకుని, కొట్లోంచి అద్దె జాకెట్ తెచ్చుకుంది. దాని మీద ఎవరిదో ఇంటిపేరు పెయింటుతో రాసి ఉంది. బావ కూడా రబ్బరు సూటు వేసుకుని, పదకొండు నెలల తపస్సును వీపుకెత్తుకున్నాడు.

కుడి చెయ్యి దూరింది. ఎడమది దూరలేదు. ఎడమది దూరిస్తే నడుము దగ్గర పట్టీ కొసలు రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయే గాని కలవడం లేదు. పదకొండు నెలలూ కొలతలన్నీ బనీను మీదే తీశాడు! మందపాటి రబ్బరు సూటు ఒకటి మధ్యలో వస్తుందని ఆయన రాసుకున్న కొలతల పట్టికలో ఏ గడిలోనూ లేదు. పట్టీ వదులు చేద్దామంటే వదులు చేయడానికి మిగిలిన జానెడునూ ఇంట్లోనే కోసిపారేశాడు.

కోచ్ వచ్చి చూసి, పాపం, నవ్వు ఆపుకున్నాడు. "ఏం పర్లేదు సార్. ఇంకో అద్దె జాకెట్ ఉంది, వేసుకోండి."

"అద్దెదా? దాని వాల్వు ఎవరు పరీక్షించారు? ఎన్నేళ్ళ కిందటిది? రికార్డు ఉందా?"

"పొద్దున్నే నేనే వేసుకుని దిగాను సార్. ఇదిగో, బతికే ఉన్నాను."

పడవ నడిపే సరంగు రెండోసారి హారన్ కొట్టాడు. అక్క దగ్గరికొచ్చి బావ మణికట్టు పట్టుకుంది.

"ఏమండీ, ఏదో ఒకటి వేసుకుని రండి. ఈ ఒక్కసారికి."

బావ ఏదో అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు. అక్కకు వినబడలేదు. "ఏంటి?" అంది. ఆయన మళ్ళీ అనలేదు. చేతిలోని పట్టీ కొస చూస్తూ నిలబడ్డాడు.

డైవింగ్‌లో ఒంటరిగా దిగకూడదు. ఎప్పుడూ జతగా దిగాలి. ఒకరి సామాను ఒకరు తడిమి చూసుకోవాలి, ఒకరికొకరు కనబడుతూ ఉండాలి. అక్కకు జతగా కోచ్ వెళ్ళాడు. మేమిద్దరం రేవులో ఐస్‌పెట్టె మీద కూర్చున్నాం. చెప్పానుగా, బావకు ఏ ప్రమాదమూ జరగలేదు. కాస్త ఎండదెబ్బ తగిలింది, అంతే.

మూడు గంటల తర్వాత అక్క పడవ దిగింది. ముఖం మీద మాస్కు అచ్చు, ఒళ్ళంతా ఉప్పు. నవ్వుతోంది, ఏడ్చినట్టూ ఉంది. బావ ఎదురెళ్ళి అడిగాడు.

"జాకెట్ ఎలా ఉంది? భుజాల దగ్గర ఒరుసుకుందా?"

అక్క సంచిలోంచి తువ్వాలు ఒకటి తీసుకుంది.

"ఏమో. చూసుకోలేదు" అంది.

వానలొచ్చాయి, ఆపరేషన్ జరిగింది, అక్కకు చక్కగా వినబడుతోంది. ఇప్పుడు బావ ఒక్కో మాట ఒక్కసారి చెబితే చాలు. కాకపోతే ఆయనే పెద్దగా మాట్లాడటం లేదు. కొత్త సీజన్ మొదలైంది. కొత్త పట్టీ వచ్చింది, రబ్బరు సూటు మీదే కొలిచాడు, ఈసారి కొస కొయ్యలేదు. కొత్త అల్యూమినియం పలక, గుండ్రటి రెక్క. ముసలి తాబేలు కూడా వంక పెట్టలేని సామాను!

మొన్న రేవు ఆఫీసు వాళ్ళ ఫారం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. సామాను వివరాలు రాయాల్సిన చోట సన్నటి అక్షరాలు గడి దాటి అంచుదాకా పాకాయి. కింద 'మీ జత ఎవరు?' అన్న చోట ఖాళీ.

"ఒరేయ్ బామ్మర్దీ, నువ్వు నేర్చుకోకూడదూ? ఆరు ఆదివారాలేగా" అన్నాడు.

ఇన్ని పేజీలు క్షేమం గురించి రాసినవాణ్ణి, తడుముకుంటానా? వెంటనే చెప్పాను.

"తప్పకుండా బావా! కాకపోతే కాళ్ళకు తొడిగే ఫిన్స్‌లో చాలా రకాలున్నాయట. పొడుగువా, పొట్టివా, చీలికవా... నాలుగైదు నెలలు బాగా చూసి, మంచివి ఎంచుకుని, అప్పుడు చేరతాను."

బావ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఫారం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ తలెత్తకుండానే అడిగాడు.

"నీకూ భయమేనట్రా?"