కంపన నిరోధక దిమ్మ, స్వదేశీ, ఒకటి

యాయత్ రుహియాత్ ఆ బుధవారం పొద్దున పక్కా ప్రణాళికతో లేచాడు. ఏడింటికి కారు తీయాలి. ఏడున్నరకి అత్తగారి కొట్టు దగ్గర రోలు దించాలి. ఎనిమిదింటికి ఫ్యాక్టరీలో ఉండాలి. పదింటికి సైన్యం తరఫున జకార్తా నుంచి వచ్చే కల్నల్‌గారికి కాగితాలు చూపించి సంతకం పుచ్చుకోవాలి. ఆ తర్వాత ఆయనతోపాటు కూర్చుని కడుపు నిండా తినాలి. ఇందులో చెయ్యలేనిది ఏముందని కాఫీ తాగుతూ భార్య కోకోమ్‌ను అడిగాడు.

"ఏమీ లేదండీ. ముందు రోలు దించండి. తర్వాత ఏం చేసినా నాకు ఫరవాలేదు," అంది కోకోమ్.

ఆవిడ తల్లి రుకోయా ఫ్యాక్టరీ వెనక గేటు పక్కనే అన్నం కొట్టు నడుపుతోంది. ఇరవై ఏళ్లుగా సంబల్ అనే మిరపకాయ కారం నూరుతున్న పాత రోలు ఆదివారం నాడు నిలువునా పగిలింది. కొత్తది రాళ్లు చెక్కేవాడి దగ్గర చెప్పి చేయించి, ఆవిడ కోరినట్టే అంచు మీద ఆవిడ పేరు చెక్కించి, నిన్న సాయంత్రమే కారు డిక్కీలో వేయించుకొచ్చాడు యాయత్. అసలైన అగ్నిపర్వతపు రాయి. పొత్రంతో కలిపి ముప్పై నాలుగు కిలోలు. ఎత్తడానికి ఇద్దరు పట్టారు, డిక్కీ మూత వెయ్యడానికి ఇంకొకడు పట్టాడు.

కారు సందు మలుపు తిరిగిందో లేదో ఫోను మోగింది. అవతల ఫ్యాక్టరీ మేస్త్రీ మాంగ్ దుదుంగ్. యాయత్‌ను గౌరవంగా పాక్ అంటాడు.

"పాక్ యాయత్, మీరు ఎక్కడా ఆగకుండా వచ్చెయ్యండి. కొంప మునిగింది."

"కల్నల్ అప్పుడే వచ్చేశాడా?"

"రాలేదు. టూల్ బాక్సు విదేశీదట."

యాయత్ కారు వేగం పెంచాడు. రోలు సంగతి అక్కడితో మరిచిపోయాడు.

బాండుంగ్‌లోని ఆ ఫ్యాక్టరీ సైనికులను మోసే ఆరు చక్రాల కవచ వాహనాలు తయారు చేస్తుంది. ఇంజను ఒక దేశానిది, గేరు పెట్టె ఇంకో దేశానిది, అద్దాలు మూడో దేశానివి. ఉక్కు రేకు, బల్లలు, తలుపులు, రంగు మాత్రం సొంతవి. వాహనం బరువులో నూటికి నలభై పాళ్లు దేశంలో తయారైనదై ఉంటేనే సైన్యం కొంటుందనీ, లేకపోతే మొత్తం బయటి దేశం నుంచి తెప్పించుకుంటుందనీ కొత్తగా నిబంధన వచ్చింది. ఆ లెక్క కట్టే విభాగానికి యాయత్ అధికారి. ప్రతి మరనూ తూచి, నలభై కంటే ఒక్క వెంట్రుక వాసి ఎక్కువ తేల్చాడు. పాత ఆర్డరు అయిపోయి రెండు నెలలైంది. ఈ నలభై వాహనాల కొత్త ఆర్డరు రాకపోతే మూడో షెడ్డుకు తాళం పడుతుంది. ఆరు వందల మంది ఆ షెడ్డు మీదే బతుకుతున్నారు. యాయత్ ఉద్యోగ విరమణకు ఇంకా మూడేళ్లుంది.

షెడ్డులో దుదుంగ్ టూల్ బాక్సును తిరగేసి పట్టుకుని నిలబడి ఉన్నాడు. అడుగున ఆకుపచ్చ రంగు పెచ్చు ఊడి, దాని కింద ఇంకో దేశం పేరు చక్కగా కనిపిస్తోంది.

"ఇన్నాళ్లూ ఎవరూ దీన్ని తిరగెయ్యలేదా?"

"టూల్ బాక్సును ఎవరు తిరగేస్తారు పాక్? పొద్దున తుడుద్దామని తిరగేశాను. తుడవకపోయినా బాగుండేది."

యాయత్ లెక్క మళ్లీ వేశాడు. నలభైకి తగ్గింది. వాహనానికి ఎక్కడో అక్కడ ముప్పై కిలోల స్వదేశీ సరుకు తగిలిస్తే తప్ప లెక్క గట్టెక్కదు. గంటా నలభై నిమిషాల్లో ముప్పై కిలోల ఉక్కు ముక్క కోయించాలన్నా స్టోర్సుకు అర్జీ పెట్టాలి, అర్జీ మీద మూడు సంతకాలు పడాలి, మూడో సంతకం పెట్టేవాడు సెలవులో ఉన్నాడు.

"బరువైనది, మనదేశంలో పుట్టినది, ఇప్పటికిప్పుడు కావాలి," అన్నాడు యాయత్ తల పట్టుకుని. 

ఆ మాట అంటుండగానే అతనికి తన కారు డిక్కీ గుర్తొచ్చింది.

అరగంటలో రోలు వాహనం వెనక భాగంలో, సైనికులు కూర్చునే బల్ల కింద, బోర్లా కాకుండా నిటారుగా కూర్చుంది. దుదుంగ్ దానికి ఇనప పట్టీ వేసి నేల రేకుకు బిగించాడు. పొత్రాన్ని రోట్లోనే పెట్టి ఇంకో పట్టీ వేశాడు. బయటి వైపు ఆకుపచ్చ రంగు కొట్టాడు. లోపల కొట్టడానికి రంగు చాలలేదు.

"మధ్యాహ్నం తీసేద్దాం. కల్నల్ అటు వెళ్లగానే నేను ఇటు పట్టుకుపోతాను," అన్నాడు యాయత్.

"కాగితంలో ఏమని రాస్తారు?"

యాయత్ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ముప్పై ఏళ్ల నౌకరీలో ఎన్నడూ అబద్ధం రాయని వేళ్లు మొరాయించాయి. చివరికి జాబితాలో ఒక వరుస చేరింది: కంపన నిరోధక దిమ్మ, స్వదేశీ, ఒకటి.

కల్నల్ నాయిబాహో పది గంటలకు ఒక్క నిమిషం ముందు దిగాడు. గొంతు పెద్దదని పేరున్న బతక్ జాతి మనిషి. మామూలుగా మాట్లాడినా షెడ్డు రేకులు మోగుతాయి. ఆయన వెంట డైరెక్టరమ్మ బు హెర్లీనా నవ్వు చెరగకుండా నడుస్తోంది. కల్నల్ జాబితా చేత్తో పట్టుకుని ఒక్కో వస్తువునూ వేలితో తడిమి చూశాడు. బల్ల కిందికి వంగి ఆగిపోయాడు.

"ఇదేంటి?"

"కంపన నిరోధక దిమ్మ సార్," అన్నాడు యాయత్.

"మధ్యలో గుంటెందుకు?"

"కంపనం... అందులోకి దిగుతుంది సార్."

"గుంటలో ఈ గుండు?"

"దిగిన కంపనాన్ని అణిచిపెట్టడానికి."

కల్నల్ నడుం నిటారు చేశాడు. "సరే. నడపండి, చూద్దాం," అన్నాడు.

ఆ వాహనానికి పుట్టుకతో ఒక జబ్బుంది. వేగం నలభై దాటగానే వెనక నేల రేకు గడగడమని కొట్టుకుంటుంది. లోపల కూర్చున్న వాళ్లకు పళ్లు రాలిపోతాయేమోనన్నంత చప్పుడు. రెండేళ్లలో సైన్యం దాని మీద రెండు ఉత్తరాలు రాసింది. ముగ్గురు నిపుణులు వచ్చి చూసి, ముగ్గురూ మూడు కారణాలు చెప్పి వెళ్లారు. అందరూ లోపల బల్లల మీద కూర్చున్నాక దుదుంగ్ వాహనాన్ని ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న పరీక్షల బాట మీదికి ఎక్కించాడు. ముప్పై. నలభై. యాయత్ కళ్లు మూసుకున్నాడు. యాభై. చప్పుడు లేదు. అరవై. బు హెర్లీనా చేతి గాజులు కదిలిన చప్పుడు మాత్రం స్పష్టంగా వినిపించింది.

కల్నల్ బల్ల మీద నుంచి ఎగిరి లేచి తల పైకప్పుకు కొట్టుకున్నాడు. నొప్పి కూడా పట్టించుకోలేదు.

"పోయింది! గడగడ పోయింది! ఎవరిది ఈ దిమ్మ ఆలోచన?"

యాయత్ నోరు తెరిచేలోగా బు హెర్లీనా అందుకుంది. "మా పరిశోధన విభాగం రెండేళ్ల కృషి కల్నల్. మీకు చూపించేదాకా బయటపెట్టకూడదని అనుకున్నాం."

ఫ్యాక్టరీకి పరిశోధన విభాగమే లేదు. ఉన్న ఒక్క గదిలో పాత కుర్చీలు పెట్టుకున్నారు.

"నలభై వాహనాలకూ ఇది ఉండాలి," అన్నాడు కల్నల్. "ఈ నమూనాను ఇవాళే జకార్తా ప్రయోగశాలకు నాతో తీసుకెళ్తాను. లక్క తెప్పించండి, సీలు వేద్దాం. నక్షా ఏది?"

"భోజనం వేళకు మీ చేతిలో ఉంటుంది," అంది డైరెక్టరు, యాయత్ కేసి చూసి. ఆ చూపులో ప్రశ్న లేదు, ఆజ్ఞే ఉంది.

యాయత్ తన గదిలో తలుపేసుకుని, అన్నం గిన్నెను కాగితం మీద బోర్లించి చుట్టూ గీత గీశాడు. దాని పక్కన బాణం గుర్తులు వేసి సెంటీమీటర్లు రాశాడు. ఫోను అప్పటికి పదకొండోసారి మోగుతోంది. ఎత్తాడు.

"యాయత్ నాయనా, బతికే ఉన్నావా?" అంది అత్తగారు. "రోలు మోసుకుంటూ నడిచొస్తున్నావేమోనని ఎదురు చూస్తున్నాను."

"వస్తుంది ఎమా, కాస్త ఆలస్యమైంది. ఆఫీసు పనిలో..."

"ఆఫీసు పని! మీ డైరెక్టరమ్మే పన్నెండు మందికి భోజనం చెప్పింది. ఇరవై ఏళ్లలో మొదటిసారి మిక్సీలో సంబల్ తిప్పాను. నా చెయ్యి అంటే పేరున్న సంబల్, పసిపిల్లలకు పెట్టే గుజ్జులా వచ్చింది. నేనే పట్టుకొస్తున్నాను. నీ మొహం చూసి మాట్లాడతాను."

యాయత్ పరుగెత్తాడు. కానీ వెనక గేటు కాపలావాళ్లు రుకోయా చేతి అన్నం తిని పెరిగిన వాళ్లు. ఆవిడను ఎవరూ ఆపరు. అతను షెడ్డుకు చేరేసరికి, తెరిచి ఉన్న వాహనం వెనక తలుపు పక్కనే బల్లలు వేసి ఉన్నాయి. అరిటాకుల్లో చుట్టిన అన్నం పొట్లాలు, కాల్చిన చేప, వేయించిన టోఫు, పచ్చి దోసకాయ ముక్కలు వడ్డించి ఉన్నాయి. కల్నల్ సంబల్ నాలిక మీద వేసుకుని మొహం చిట్లించాడు.

"ఇబూ, అమ్మా, ఇందులో ప్రాణం లేదు. ఏమైంది?"

"ప్రాణం ఎలా ఉంటుంది బాబూ? నా రోలు మా అల్లుడు మింగేశాడు," అంటూ రుకోయా ఇటు తిరిగింది. తిరిగి, బల్ల కింద చూసి, చేతిలో గరిటె వదిలేసింది. "అదుగో! నా రోలు! దాని ఒంటికి ఈ రంగేంటి? ఈ సంకెళ్లేంటి?"

బు హెర్లీనా లేచి నిలబడింది. "పెద్దావిడ పొరబడుతోంది కల్నల్. అది సైనిక పరికరం."

"పరికరమా? అంచు మీద నా పేరు చెక్కించమన్నాను చూడు! కొత్త రోలు ఎత్తుకొచ్చి నన్ను అబద్ధాలకోరును చేస్తావా?"

"కాపలావాళ్లను పిలవండి. రక్షణ సామగ్రి మీద చెయ్యి వేస్తోంది. ఈవిడను బయటికి తీసుకెళ్లండి."

కాపలావాళ్లు కదలలేదు. కానీ రుకోయా మొహం వాడిపోయింది. పదిమందిలో ఆవిడను ఇంతవరకూ ఎవరూ అలా అనలేదు. యాయత్‌కు ఆరు వందల మందీ గుర్తొచ్చారు, మూడేళ్ల నౌకరీ గుర్తొచ్చింది. అయినా కాళ్లు ముందుకే నడిచాయి.

"ఎమా చెప్పింది నిజం సార్. అది రోలు. మా అత్తగారిది. నిబంధనకు ముప్పై కిలోలు తక్కువైతే నేనే పెట్టించాను. పేరూ నేనే కల్పించాను. నక్షా అన్నం గిన్నెతో గీశాను. ఇందులో ఇంకెవరి తప్పూ లేదు."

కల్నల్ నోట్లోని ముద్ద నెమ్మదిగా నమిలి మింగాడు. చెయ్యి కడుక్కున్నాడు.

"రోలు తీసెయ్యండి," అన్నాడు. "తీసి మళ్లీ నడపండి."

దుదుంగ్ పట్టీలు విప్పాడు. నలుగురు కలిసి రోలు దింపారు. వాహనం మళ్లీ బాట ఎక్కింది. నలభై. యాభై. అరవై. చప్పుడు లేదు. కల్నల్ నేల రేకుకు చెవి ఆనించి విన్నాడు. అయినా లేదు.

"మేస్త్రీ, రాయి పెట్టేటప్పుడు ఇంకేం చేశావు?"

దుదుంగ్ బుర్ర గోక్కున్నాడు. "పట్టీ బిగించడానికి వాహనం కిందకి దూరాను సార్. రేకుకు రెండు బోల్టులు వేలితో తిప్పితే తిరుగుతున్నాయి. స్పానరు ఎలాగూ చేతిలో ఉంది కదా అని..."

కల్నల్ నవ్వు మొదలుపెడితే పైకప్పు మీద పావురాలు లేచిపోయాయి. "రెండేళ్లు! ముగ్గురు నిపుణులు! రెండు బోల్టులు!"

యాయత్‌కు నవ్వు రాలేదు. "కానీ లెక్కకు ముప్పై కిలోలు ఇంకా తక్కువే సార్."

"టూల్ బాక్సు లెక్కలో వేశావా?"

"వేశాను సార్. జాకీ, స్టెప్నీ, లాగే మోకు, అన్నీ వేశాను. అన్నీ విదేశీవే."

"ఎవరు వెయ్యమన్నారు? వాహనానికి బిగించి ఉండని సామాను బరువు లెక్కలోకే రాదు. ఏడో పేజీ చదవలేదా?"

యాయత్ తన నిబంధనల ప్రతి తెచ్చాడు. అందులో ఆరో పేజీ తర్వాత ఎనిమిదో పేజీ ఉంది. ఫొటోకాపీ యంత్రం ఏడో పేజీని మింగేసింది. కల్నల్ తన సంచిలోంచి సొంత ప్రతి తీసి చూపించాడు. యాయత్ జాకీ, స్టెప్నీ, మోకు, టూల్ బాక్సు కొట్టేసి మళ్లీ లెక్క వేశాడు. నలభైకి పైన, హాయిగా, ఊపిరి పీల్చుకునేంత పైన తేలింది.

కల్నల్ జాబితాలో దిమ్మ వరుసను అడ్డంగా గీత గీసి కొట్టేశాడు.

"నేను చూసినప్పుడు ఇక్కడ వాహనం ఉంది, రోలు లేదు. ఇంకోసారి ఇలాంటిది చేశావంటే నేనే నిన్ను రోట్లో వేసి నూరుతాను. అర్థమైందా?"

"అర్థమైంది సార్."

సంతకం పడింది. యాయత్ వాహనం మెట్టు మీద కూలబడ్డాడు. దుదుంగ్ పక్కన చతికిలబడి కళ్లు తుడుచుకున్నాడు. బు హెర్లీనా రుకోయా దగ్గరికెళ్లి రెండు చేతులూ పట్టుకుని క్షమించమంది. రుకోయా అల్లుడి ముందు అన్నం పొట్లం విప్పి పెట్టింది.

"తిను. నాకోసం నోరు విప్పావు కాబట్టి ఇవాళ్టికి తిట్టను. రేపు తిడతాను."

"ఇబూ, రోలు ఎలాగూ వచ్చింది, కాస్త సంబల్ నూరి పెట్టకూడదా?" అన్నాడు కల్నల్ ఆశగా.

"కొత్త రోలు బాబూ. మూడుసార్లు బియ్యం వేసి నూరితే గానీ ఇసక పోదు. కల్నలైనా సరే, ఇవాళ్టికి మిక్సీదే."

కల్నల్ నోరెత్తకుండా మిక్సీ సంబల్‌తోనే రెండు పొట్లాలు ఖాళీ చేశాడు. యాయత్ మూడు తిన్నాడు.

నెల తిరక్కుండా నలభై వాహనాల ఆర్డరు వచ్చింది. మూడో షెడ్డు తలుపులు బార్లా తెరుచుకున్నాయి. దాంతోపాటు యాయత్ పేరున జకార్తా నుంచి ఇంకో కాగితం కూడా వచ్చింది: వచ్చే ఏడాది నిబంధనలు రాసే సంఘంలో అతన్ని సభ్యుడిగా వేశారు. దేశం మొత్తం మీద ఏడో పేజీ చదివిన రెండో మనిషి అతనేనట.