క్లచ్ రద్దయిన జూబ్లీ హిల్స్

రెండు వేల నాలుగో సంవత్సరంలో జూబ్లీ హిల్స్‌లో క్లచ్ రద్దయింది. (మిగతా ఊరికి ఈ ఉత్తర్వు అందలేదు.) హైటెక్ సిటీలో పిల్లలు కూర్చున్న చోటి నుంచి కదలకుండా ఎదిగిపోతుంటే, ఇంకా ఎడమకాలితో క్లచ్ తొక్కడం ప్రగతికి అడ్డమని పెద్దలు తీర్మానించారు. ఆ తీర్మానాన్ని అందరికంటే ముందు అమలు చేసినవాడు సినిమా నిర్మాత చలపతిరావు. ఆటోమేటిక్ కారు తెప్పించుకుని తానే నడపడం మొదలుపెట్టాడు. ఇరవై రెండేళ్లుగా తన బండి నడిపిన ఓదెలును గేటు దగ్గర కూర్చోబెట్టాడు.

"నీ ఎడమకాలికి ఇక విశ్రాంతి, ఓదెలూ."

"కుడికాలికి గూడ ఇచ్చిన్రు గద సార్," అన్నాడు ఓదెలు.

పద్నాలుగు నెలలు తిరిగేసరికి, ఫిల్మ్ నగర్ ఎత్తు ఎక్కుతూ కారు ఆగిపోయింది. గేర్‌బాక్స్ పోయింది. కొత్తది ఓడలో రావాలని, ఆరు నెలలు పడుతుందని షోరూమ్ వాళ్లు చెప్పారు. (ఏ ఏడాదిలోని ఆరు నెలలో చెప్పలేదు.) ఓదెలు ముఖాన దిగులు పెట్టుకుని, లోపల సంబరపడుతూ, బండిని యూసుఫ్‌గూడలో మెకానిక్ బెన్‌హర్ షెడ్డుకు లాగించుకుపోయాడు. అదే రకం పాత బండి నుంచి తీసిన మామూలు గేర్‌బాక్స్‌ను, క్లచ్‌ను బెన్‌హర్ నాలుగు రోజుల్లో బిగించాడు. బండి మాత్రం స్టార్ట్ కాలేదు.

"ఏమైందే బెన్‌హరన్నా?"

"ఇంజన్‌కో కంప్యూటర్ ఉందిగా, దాని పేచీ. ముందున్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పలికితేనే స్టార్ట్ చేస్తానంటోంది. అది పోయిందని ఎలా చెప్పినా వినట్లేదు."

"గంత ప్రేమనా దాని మీద?"

బెన్‌హర్ కూతురు దీనా మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. ఆదివారం చర్చి నుంచి నేరుగా షెడ్డుకొచ్చి, లాప్‌టాప్ తగిలించి, అరగంటలో దాని జబ్బేంటో పట్టేసింది.

"దీనికి నిజం చెప్పి లాభం లేదు డాడీ. అబద్ధం చెప్పాలి."

అగ్గిపెట్టెంత సర్క్యూట్ ఒకటి తయారుచేసింది. గేర్‌బాక్స్ క్షేమంగా ఉందనీ, బండి పార్కింగ్‌లోనే ఉందనీ అది కంప్యూటర్‌కు నిరంతరం నివేదిస్తుంటుంది. కంప్యూటర్ సంతృప్తి చెందింది. ఇంజన్ పలికింది. పార్కింగ్‌లో ఉన్న ఆ బండిని ఓదెలు చెక్‌పోస్ట్ దాకా అరవై మీద నడిపి తిరిగొచ్చాడు. బండి ఆపాక కూడా గేరు రాడ్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా కాసేపు అలాగే కూర్చున్నాడు. బెన్‌హర్ చూడనట్టు రెంచీలు సర్దుకున్నాడు.

ఇక మిగిలింది రిజిస్ట్రేషన్. మార్పు కాగితం మీదికి ఎక్కేదాకా బండి రోడ్డెక్కరాదు. వాహన స్వభావ పరివర్తన విభాగం అధికారిణి శేషారత్నం నియమం తప్పని మనిషి. (అందుకే ఆమె గదిలో ఇంకెవరూ కూర్చోరు.) చలపతిరావు, ఓదెలు, దీనా ముగ్గురూ వెళ్లారు. ఆమె స్వయంగా బండెక్కి, మధురానగర్ సందులన్నీ తిప్పించుకుని వచ్చింది.

"బండి బాగుంది. నువ్వూ బాగా నడిపావయ్యా. అయినా మార్చలేను."

"ఏంటండీ అభ్యంతరం?" అన్నాడు చలపతిరావు.

ఆమె కంప్యూటర్ తెర ఇటు తిప్పింది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో మాన్యువల్ నుంచి ఆటోమేటిక్‌కు మారడానికి గడి ఉంది. ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు లేదు.

"ఎవరైనా వెనక్కి వెళ్తారని పైవాళ్లు అనుకోలేదు," అంది.

"జర సూడుండ్రి మేడమ్. గిది గాకుంటే నేను మల్ల గేటు కాడికే," అన్నాడు ఓదెలు.

శేషారత్నం పెన్ను కింద పెట్టింది. బీరువాలోంచి నియమావళి తీసి, చాలాసేపు తిరగేసి, ఒకచోట ఆగింది.

"'యజమాని గేరు మార్చనవసరం లేని వాహనమే ఆటోమేటిక్.' చలపతిరావు గారూ, మీరు గేరు మారుస్తారా?"

"నేనా? జన్మలో ముట్టను. ఓదెలే మారుస్తాడు."

"అయితే ఇది ఇప్పటికీ ఆటోమేటిక్కే. గేరు మార్చే పరికరం వివరాలు సవరిస్తే చాలు."

ఆ గడిలో 'ఓదెలు' అని కొట్టింది. తయారైన సంవత్సరం పంతొమ్మిది వందల యాభై నాలుగు. క్రమసంఖ్య దగ్గర అతని లైసెన్స్ నంబరు. దీనా అభ్యంతరం చెప్పడానికి ముందుకొచ్చింది. ఓదెలు ముఖంలో వెలుగు చూసి వెనక్కి తగ్గింది.

"మరి ఐతారం సెలవుంటదా మేడమ్?"

"పరికరాలకు ఆ గడి లేదయ్యా," అంది శేషారత్నం, నిజంగానే నొచ్చుకుంటూ.

కాగితం బయటికొచ్చింది. అడుగున చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: 'ఈ పరికరం ఐదేళ్ల వరకే చెల్లును. తదుపరి కొత్తది అమర్చుకుని, పాతదానిని తుక్కు కింద అప్పగించినట్లు రసీదు జతపరచవలెను.'

చలపతిరావు కళ్లజోడు పెట్టుకుని అంతా శ్రద్ధగా చదివాడు. ఐదేళ్లంటే మరీ ఎక్కువేమోనని సందేహించి, సంతకం చేశాడు.