శేషప్ప ఈడ్పుకాలు

దగ్గరికి జరిగి కూర్చోండి, చేతిలో ఫోను పక్కన పెట్టండి. ఎమ్మిగనూరు నేతగాడు శేషప్ప కాలు ఈడ్చిన కథ ఇది. నవ్వొస్తే నవ్వండి గానీ, జరిగింది ఏడుపింట్లోనని మాత్రం మరవకండి.

భార్య మహాదేవి పోయి ఎనిమిది నెలలు. ఆనాటి నుంచి శేషప్ప మగ్గం గుంటలోకి దిగలేదు. సగం నేసిన చీర మీద దుమ్ము పేరుకుంది. దిగితే, పక్కన కూర్చుని కండెలు చుట్టే మనిషి లేదని తెలిసిపోతుంది మరి. ఆయన మళ్లీ దిగుతాడా, ఇలాగే గోడకానుకుని అయిపోతాడా అన్నదే మనవరాలు లావణ్య దిగులు.

లావణ్య ఆదోనిలో డిగ్రీ చదువుతోంది. కాలేజీ వేదిక మీద ఒక్కొక్కరూ ఒక్కో దేశపు నృత్యం గురించి చెప్పి, వేసి చూపాలి. తన వంతుకు వచ్చింది స్లో డ్రాగ్. దానికి ఇద్దరు కావాలి. ఏడున్నర బస్సుకు ముందు తాతతో ఒకసారి సాధన చేసి పోదామనుకుంది.

“ఎగిరేది కాదు తాతా. నూరేండ్ల కిందట అమెరికా దక్షిణాన పత్తి చేన్లలో పని చేసిన నల్లజాతి వాళ్ల డ్యాన్స్. వారమంతా ఒళ్లు హూనమై, శనివారం ఇరుకు గదుల్లో చేరి, ఒకరినొకరు పట్టుకోని ఆడేవాళ్లంట. వాళ్ల దుఃఖం పాటలే బ్లూస్. కుడికాలు పక్కకు పెట్టు. బరువంతా దానిమీద వెయ్యి. ఎడమకాలు ఎత్తకుండా ఈడ్చు. ఒక ఊపిరి ఆగు. ఇంగ ఎడమది పెట్టి కుడిది ఈడ్చు.”

“ఈడ్చేదానికి నేర్చుకునేదేముంది మే? ఎనిమిది నెలలుగా ఈడుస్తానే ఉండా” అన్నాడు శేషప్ప. అన్నాడే గానీ లేచాడు.

చావింట్లో పాట బయటికి వినపడకూడదని లావణ్య ఫోను గొంతు బాగా తగ్గించింది. కొంప ముంచింది అదే. కిటికీ ముందు నుంచి పోతున్న పక్కింటి తిరుపాలుకు పాట వినపడలేదు. మనవరాలి భుజం పట్టుకుని కాలు ఈడుస్తున్న ముసలాయన కనపడ్డాడు. రెండో అడుగు చూడకుండానే, శేషప్పకు పక్షవాతమొచ్చిందని అరుస్తూ వీధెంట పరిగెత్తాడు.

పది గంటలకల్లా కబురంది కౌతాళం నుంచి శేషప్ప అక్క అంజినమ్మ ఆటో దిగింది.

“ఒరే తమ్ముడా! మహాదేవి పోయిన బాధ నీ కాల్లోకి దిగెనా!”

“నాకేమీ కాలేదక్కా.”

“మరి కాలెందుకు ఈడుస్తాండావంట?”

శేషప్ప నోరు తెరిచాడు. ఏడాది కార్యం కాకుండా ఇంట్లో ఆటాపాటా కూడదు. గడప నిండా వీధి జనం. డ్యాన్స్ అంటే మహాదేవి పేరే నవ్వులపాలవుతుంది.

“పొద్దున లేస్తానే మొద్దుబారినట్లుండె” అన్నాడు.

ఇంకేం. ఒకరు బ్రెడ్డు తెచ్చారు, ఇంకొకరు అరటిపండ్లు. కాలు పడిపోయి ఆ వీధిలో పోయినవాళ్లను వరసగా తలుచుకున్నారు. శేషప్ప వింటూ కూర్చున్నాడు. అన్నంలో ఉప్పు ఆపేశారు. లావణ్య బస్సు ఎప్పుడో పోయింది. తిరుపాలే కారు మాట్లాడి, కృష్ణగిరి దిక్కు పల్లెలో పసరు మందిచ్చే ఉచ్చీరప్ప దగ్గరికి అందరినీ ఎక్కించాడు.

అక్కడ నిజంగా కాళ్లు పడిపోయినవాళ్లు అరుగు పొడుగునా కూర్చుని ఉన్నారు. శేషప్ప సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

“నడువప్పా” అన్నాడు ఉచ్చీరప్ప.

గాభరాలో శేషప్పకు తోచింది పొద్దుటి నడకే. కుడికాలు పెట్టి ఎడమది ఈడ్చాడు. ఒక ఊపిరి ఆగాడు. ఎడమది పెట్టి కుడిది ఈడ్చాడు.

“పక్షవాతం ఒక దిక్కే పడతాది. నీకేందప్పా, వంతులేసుకోని పడతాండాది?”

అంజినమ్మ ఏడుపు టక్కున ఆగింది. లావణ్య ఇక దాచలేక మొత్తం చెప్పేసింది.

“పత్తి చేన్లోవాళ్లదా?” అంది అంజినమ్మ. నలభై ఏండ్లు పత్తి ఏరిన మనిషి ఆమె. “పొద్దుగూకేదాకా వంగినోళ్లకు కాలు యాడ లేస్తాది? నేను ఇంటికొచ్చేది అట్లనే. దాన్ని డ్యాన్స్ అంటారా?”

“అంటారవ్వా.”

“అట్లయితే నీ తాతకు రాలేదు. మోకాలు సడలాల.”

తమ్ముడి భుజాలు పట్టుకుని చూపించింది. రెండో అడుగుకు ఇద్దరూ ఏడ్చారు. ఏడాది మైల సంగతి ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున శేషప్ప దుమ్ము దులిపి గుంటలోకి దిగాడు. తొక్కుడు చెక్కల మీద ఒక కాలు, ఒక ఊపిరి ఆగి ఇంకో కాలు. అంజినమ్మ మాత్రం ఉచ్చీరప్ప ఇచ్చిన మందు పారేయకూడదని మూడు పూటలా పసరు తాగించింది.

ఈ కథ గుర్తుపెట్టుకోండి, మీ పిల్లలకూ చెప్పండి. చెప్పేటప్పుడు రెండు కాళ్లూ ఈడ్చాడనే చెప్పండి. ఒక కాలేనంటే ఎవరో ఒకరు కారు మాట్లాడతారు.