నలభై నత్తల నివాస పత్రాలు

లోకంలో ఏ ప్రాణి అయినా అనుమతి లేకుండా పుట్టవచ్చు, చావవచ్చు. ఒంట్లో సీసం ఉందని నిరూపించుకోవాలంటే మాత్రం నివాస ధ్రువపత్రం తప్పనిసరి. కరాతాష్ ఊరి బడిలో జీవశాస్త్రం చెప్పే నూర్జిపాకు ఈ సత్యం నలభై నత్తల సాక్షిగా తెలిసివచ్చింది.

ఊరికి ఎగువన ఎప్పుడో మూతపడ్డ సీసం గని ఉంది. దాని పక్కగా వచ్చే వాగు నీళ్ళే బడి కుళాయిలోకి వస్తాయి. ఆ వాగులో నలభై నత్తలను ఏరి, వాటి జిగురును పరీక్షకు రాజధానికి పంపితే, ఒంట్లో ఉండదగిన దానికి పదకొండు రెట్లు సీసం తేలింది. ఆ బడిలోనే రెండో తరగతి చదువుతున్న మనవరాలు ఐజాదా గుర్తొచ్చింది నూర్జిపాకు. కుళాయి కట్టేసి మంచినీళ్ళు పంపమని అడగడానికి జిల్లా ఆఫీసుకు పరుగెత్తింది.

జలరక్షణ ముఖ్య నిపుణుడు కెరిమాలీ నివేదికను శ్రద్ధగా చదివాడు (మొదటి పేజీ రెండుసార్లు).

"ఎజే," అన్నాడు, అక్కా అని పిలిచినంత మర్యాదగా. "ఈ నత్తలు మీ ఊరివేనని రుజువేంటి? ఎక్కడో సీసం తిని, మీ ఊరికి చుట్టపుచూపుగా వచ్చాయేమో!"

"నత్త చుట్టపుచూపుగానా? పక్కూర్లో బయల్దేరితే, అది వచ్చేసరికి నువ్వు రిటైరైపోతావు తమ్ముడూ."

"నేనేం చెయ్యను? నమోదు లేని ప్రాణి ఒంట్లో లోహం బయటి సామాను కింద లెక్క. పద్నాలుగో నిబంధన."

నివాస పత్రాలు రాసిచ్చే ఊరి పెద్ద సాలమాత్, నూర్జిపా చిన్నప్పటి స్నేహితురాలు. ముద్ర తీసి బల్ల మీద పెట్టింది.

"చిరునామా?"

"వాగు, ఎడమ గట్టు, మూడో రాయి."

"కుటుంబ పెద్ద?"

"ఒక్కోటీ ఆడా తానే, మగా తానే."

"అదృష్టమంటే వాటిదే! మా ఆయనతో అనకు."

ఫొటోలో ముఖం స్పష్టంగా కనబడాలన్నది నిబంధన. కెమెరా చూడగానే నత్తలు లోపలికి ముడుచుకునేవి. క్యాబేజీ ఆకు చూపించి బతిమాలడంలో మూడు రోజులు గడిచాయి. ఈలోగా రెండు చచ్చిపోయాయి. వాటికి మరణ పత్రాలు కావలసి వచ్చాయి.

"కారణం సీసమని రాయి," అంది నూర్జిపా.

"అలా రాస్తే నా కుర్చీ ఎగిరిపోద్దే. ముసలితనమని రాస్తా."

నూర్జిపాకు ఒళ్ళు మండింది. అయినా పత్రాలు పుచ్చుకుంది.

చరిత్రలో ఎన్నడూ లేని విధంగా, పత్రాలు జిల్లా ఆఫీసులో ఇచ్చిన తొమ్మిదో రోజునే ఉత్తర్వు వచ్చింది. ముప్పై ఎనిమిది మంది స్థిర నివాసుల ఆరోగ్యానికి ముప్పు రుజువైందట. తక్షణం శుద్ధమైన నీరు అందించాలట. పదో రోజు కెరిమాలీ ట్యాంకరుతో వచ్చి, బడి ఆవరణలో ఒక తొట్టి పెట్టించి నింపించాడు.

"మరి పిల్లలకో?" అని గొంతు చించుకుంది నూర్జిపా.

"నివేదికలో పిల్లల ఊసే లేదుగా ఎజే," అన్నాడు కెరిమాలీ, నిజంగానే నొచ్చుకుంటూ. "వాళ్ళ పేరు మీద వేరే దరఖాస్తు పెట్టండి, చూద్దాం."

తొట్టికి బోర్డు కూడా తగిలించి వెళ్ళారు: 'మంచినీరు. నమోదైన నత్తలకు మాత్రమే.'

విరామం గంట మోగింది. ఐజాదా ఆ బోర్డును ఒక్క తప్పు లేకుండా పైకి చదివి, బుద్ధిగా వెళ్ళి కుళాయి కింద దోసిలి పట్టింది.