రత్నం పేరున రాతి ఇల్లు

"జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పొలాలను మూడేళ్ళలో ద్రాక్షసీమగా మార్చకపోతే నేను రాజకీయాల నుంచే తప్పుకుంటాను!"

మార్కెట్ యార్డు మాజీ చైర్మన్ భవానీప్రసాద్‌గారు నందిగామ ప్రెస్‌మీట్‌లో ఈ ప్రకటన చేయగానే హాలు దద్దరిల్లింది. దద్దరిల్లినట్టు వెంకటరత్నం పొద్దున్నే రాసిపెట్టుకున్నాడు. ప్రసాద్‌గారి ప్రెస్‌నోట్లు రాసేది అతనే. చప్పట్లు మొదలుపెట్టేదీ అతనే.

"మిర్చికి రేటు లేదండీ," అన్నాడు చందర్లపాడు నుంచి వచ్చిన రైతు.

"అందుకేగా ద్రాక్ష!"

"మరి నీళ్ళండీ?"

"అధ్యయనం చేస్తాం."

ఆ అధ్యయనానికి ప్రసాద్‌గారు స్వయంగా ఇటలీ వెళ్తున్నారు. రైతు కోసం అంత దూరం వెళ్ళి ద్రాక్షతోటల్లో తిరగడం చిన్న త్యాగం కాదు. ఆ వాక్యం రాశాక వెంకటరత్నం 'చిన్న' కొట్టేసి 'సామాన్య' అని దిద్దాడు. అతనికి కూడా టికెట్టు తీశారు మరి.

అసలు సంగతి కారెక్కాక తెలిసింది. ప్రసాద్‌గారు ఫోన్ ముందుకు చాపారు. కొండ మీద రాతి ఇల్లు, చుట్టూ ద్రాక్షతోట, కింద వైన్ పీపాలు పెట్టుకునే నేలమాళిగ.

"మూడొందల ఏళ్ళ నాటిదయ్యా రత్నం. కూలిపోతే మళ్ళీ ఆ రాళ్ళతోనే నిలబెట్టారంట."

"స్లాబు వెయ్యలేదాండీ?"

"వెయ్యరు. అదే దాని గొప్ప. మనతో పోటీపడే ఆ కంచికచర్లాయనకి దుబాయ్‌లో ఫ్లాటుంది. దుబాయ్‌దేముందిలే, ఎవడైనా కొంటాడు."

"బ్రహ్మాండంగా ఉందండి. ఎవరి పేరునండి?"

ప్రసాద్‌గారు అతని వంక ప్రేమగా చూశారు. ఆ చూపు వెంకటరత్నానికి కొత్త కాదు. ఆ చూపు వల్లే అతనికి ఒక రైస్‌మిల్లు, ఒక పెట్రోల్ బంకు, ఒక కంకర క్వారీ వచ్చాయి. కాగితాల మీద చూస్తే జగ్గయ్యపేట ధనవంతుల్లో అతను మొదటి పదిమందిలో ఉంటాడు. కాళ్ళ వంక చూస్తే, ఎడమ చెప్పు పిన్నీసు మీద నడుస్తూ ఉంటుంది. సొంత బంకులో పెట్రోల్ అరువు అడిగితే లేదనిపించుకున్న యజమాని ఈ జిల్లాలో తనొక్కడేనని అతనికి కాస్త గర్వం కూడా.

గర్వం లేనిది అతని భార్య పుష్పవతికే. అద్దె ఇంటి వంటగదిలో వాన కురిసిన ప్రతిసారీ ఆవిడ ఇళ్ల పట్టాకి దరఖాస్తు పెడుతుంది. మూడోసారి వార్డు సచివాలయంలో అమ్మాయి కంప్యూటర్ చూసి నవ్వింది.

"మీకు స్థలం ఎందుకండీ? మీ బంకులోనేగా నేను పెట్రోల్ కొట్టించుకునేది!"

ఆ రోజు పుష్పవతి ఇంటికొచ్చి ఒకే మాట అంది. "ఏవండీ, మనం ఎప్పటికి బీదవాళ్ళం అవుతామండీ?"

ఈ ప్రశ్న వెంకటరత్నం కార్లో ప్రసాద్‌గారికి విన్నవించాడు.

"ఈ ఒక్కటీ కానివ్వు. నీ పేరున ఉన్నవన్నీ తీయించేసి పట్టా ఇప్పించే పూచీ నాది," అన్నారాయన. తర్వాత కాస్త ఆలోచించారు. "అసలు ఇల్లు ఎవరి పేరునా పెట్టను నేను. మిల్లులో ఎవడూ కాపురం పెట్టడు, ఇంట్లో పెడతాడు. అయినా అంత దూరంలో నువ్వేం పెడతావులే!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ప్రసాద్‌గారు ముందు, వెంకటరత్నం వెనక.

ఇటలీలో నోటరీ అంటే నందిగామ కోర్టు ముందు గొడుగేసుకుని కూర్చునే ఆసామి కాదు. టై కట్టుకున్న పెద్దమనిషి, పెద్ద బల్ల, బల్ల మీద నలభై పేజీల దస్తావేజు. అక్కడ చదువుకుంటున్న మన గరికపాడు అమ్మాయి సింధూరని దుబాసీగా పిలిచారు.

"ఇక్కడి చట్టం ప్రకారం మొత్తం పైకి చదవాలండి. కొనేవాళ్ళకి అర్థమయ్యే భాషలో," అంది సింధూర.

"మొత్తమా? మేమెప్పుడూ చదవలేదమ్మా. సంతకం ఎక్కడో చెప్పు చాలు."

"కుదరదంటున్నారండి."

చదువుతూ చదువుతూ ఒకచోట నోటరీ ఆగి, వెంకటరత్నాన్ని ఏదో అడిగాడు.

"మీకు సొంతిల్లు ఉందా అంటున్నారండి. లేకపోతే పన్ను బాగా తగ్గుతుందట."

"లేదని చెప్పవయ్యా!" అన్నారు ప్రసాద్‌గారు హుషారుగా.

"లేదండి," అన్నాడు వెంకటరత్నం. ఇరవై ఏళ్ళుగా ప్రసాద్‌గారి తరఫున ఎన్నో ఆఫీసుల్లో ఎన్నో చెప్పాడు. నిజం చెప్పడం ఇదే మొదటిసారి. అలవాటు లేని మాటకి దగ్గొచ్చింది. నోటరీ మంచినీళ్ళు తెప్పించాడు.

ఇంతలో ప్రసాద్‌గారి ఫోన్ మోగింది. చెక్‌పోస్టులో ఎవరో లారీ ఆపారట. ఆయన వరండాలోకి వెళ్ళి దక్షిణ ఇటలీ అంతా వినపడేలా మాట్లాడారు. ఈలోగా సింధూర మిగతా సగం చదివింది. తగ్గింపు తీసుకున్నవాళ్ళు ఏడాదిన్నరలోగా ఆ ఊరొచ్చి ఆ ఇంట్లో కాపురం ఉండాలి. లేదంటే జరిమానా, నోటీసు.

"అయిందా? పెట్టు సంతకం," అంటూ ప్రసాద్‌గారు లోపలికొచ్చారు.

"సార్, ఒక చిన్న మాట..."

"మాటలు తర్వాత."

వెంకటరత్నం సంతకం పెట్టాడు. ప్రసాద్‌గారు వెంటనే సంచిలోంచి తమ అసలు దస్తావేజు తీశారు. నందిగామలో కొన్న స్టాంపు పేపరు. పైన ఖాళీ, కింద వెంకటరత్నం సంతకం. మిల్లుకీ బంకుకీ క్వారీకీ ఇలాంటివే ఆయన బీరువాలో భద్రంగా ఉన్నాయి.

"దీని మీద కూడా ఒక ముద్ర కొట్టమనమ్మా."

నోటరీ దాన్ని వెలుగులో పెట్టి చూశాడు. తిరగేసి చూశాడు.

"ఏమీ రాయనిది పైకి ఎలా చదవాలి అంటున్నారండి," అంది సింధూర.

ముద్ర పడలేదు. స్టాంపు పేపరు మీద బొమ్మ మాత్రం చాలా బావుందన్నాడట.

ఆరు నెలలు గడిచాయి. మెట్టలో ఇంకా మిర్చీ, పత్తే పండుతున్నాయి. విలేకరి సతీష్‌బాబు మాత్రం ఇటలీ ఇంటి ఫొటో సంపాదించాడు. ఊరంతా గుప్పుమంది. ప్రసాద్‌గారు వెంటనే ప్రెస్‌మీట్ పెట్టారు.

"ఆ ఇల్లు మీదేనటగా సార్?" అన్నాడు సతీష్‌బాబు.

"పూచికపుల్లంత సంబంధం లేదు! అది మా వెంకటరత్నం కష్టార్జితం. మిల్లు అతనిది, బంకు అతనిది, క్వారీ అతనిది. ఒక సామాన్య కార్యకర్త ఇల్లు కొనుక్కుంటే మీరు ఓర్వలేరా?"

వెంకటరత్నం అలవాటుకొద్దీ చప్పట్లు మొదలుపెట్టాడు. ప్రెస్‌నోటు కూడా అతనే పంచాడు. 'పై ఆస్తులపై నాకు గానీ నా వారసులకు గానీ ఎట్టి హక్కూ లేదు' అన్న వాక్యం అందులో కొత్తది. పొద్దున దాన్ని తీసుకెళ్ళి ముందు పెట్టాడు. ప్రసాద్‌గారు చదవకుండానే సంతకం పెట్టారు.

ఆ వారమే ఇటలీ నుంచి ఉత్తరం వచ్చింది. కాపురం ఎప్పుడు పెడుతున్నారని.

"నోటీసు గానీ వచ్చిందంటే ఆ సతీష్‌గాడు మళ్ళీ గోల చేస్తాడు," అన్నారు ప్రసాద్‌గారు. "కొన్నాళ్ళు వెళ్ళి ఉండిరా రత్నం. పొయ్యి వెలుగుతున్నట్టు కనపడాలి, అంతే."

వీసా వాళ్ళు ఆదాయం చూపించమన్నారు. వెంకటరత్నం మిల్లు చూపించాడు, బంకు చూపించాడు, క్వారీ చూపించాడు. అవన్నీ ఇతనివేనని ప్రజానాయకుడు సంతకం పెట్టిన ప్రకటన కూడా జతచేశాడు. జగ్గయ్యపేటలో రెండు సెంట్ల స్థలం రానివ్వని కాగితాలే వాళ్ళకి మహా బాగా నచ్చాయి.

విమానం ఎక్కేముందు పుష్పవతి ఒకటే అడిగింది. "అక్కడ వంటగది కురుస్తుందాండీ?"

మరుసటి ఏడు ప్రసాద్‌గారు రెండో విడత ద్రాక్ష అధ్యయనానికి వచ్చారు. రాతి గోడకి ఎండుమిర్చి దండలు వేలాడుతున్నాయి. ద్రాక్ష వరసల మధ్య గోంగూర మోకాలెత్తు పెరిగింది.

"చెప్పులు బయట విప్పండి సార్, పుష్ప ఇప్పుడే తుడిచింది," అన్నాడు వెంకటరత్నం. అతని కాళ్ళకి తోలుబూట్లున్నాయి.

ప్రసాద్‌గారు విప్పారు.

"ఇంకో చిన్న ఫార్మాలిటీ సార్. ఇంట్లో పరాయివాళ్ళు దిగితే పోలీసుస్టేషన్లో ఫారం ఇవ్వాలి. పేరు, ఎన్ని రోజులుంటారు, ఇంటి యజమానికి ఏమవుతారు."

"నువ్వే రాసెయ్యవయ్యా. రాయడం నీకేం కొత్తా?"

వెంకటరత్నం రాశాడు. పేరు, భవానీప్రసాద్. ఉండే రోజులు, మూడు. యజమానికి ఏమవుతారు అన్నచోట ఒక క్షణం ఆగాడు. అప్పటికి అతనికి రెండు వందల ఇటాలియన్ మాటలు వచ్చు. 'అనుచరుడు' అనేది అందులో ఉంది.

ప్రసాద్‌గారు చదవకుండానే సంతకం పెట్టారు.

"ఒక్క నిమిషం సార్, చదివి వినిపించాలి," అని వెంకటరత్నం లేచి నిలబడి, ఫారం మొదటి నుంచి చివరిదాకా ఇటాలియన్‌లో పైకి చదివాడు.

అర్థం కాకపోయినా ఏదో ప్రకటనలాగే వినిపించింది. ప్రసాద్‌గారు చప్పట్లు కొట్టారు.